పాత ట్రాక్టరుకు కొత్త బలం: ముందు బ్రేకు, తరువాతే ఇంజను

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణా తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు మాట్లాడడానికి లేచాడంటే రిజిస్టర్లు, ఓచర్లు, బకాయిలు అని మీరు అనుకోవడం సహజమే. వాటి సంగతి చివర్లో మనవి చేస్తాను. ముందుగా ట్రాక్టరు గురించి మాట్లాడతాను. నేను ఈ శాఖలోకి రాకముందు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. ఆ చదువు నాకు ఒకసారి ఉపయోగపడవలసిన చోట ఉపయోగపడలేదు. ఆ కథ కూడా దాచకుండా చెప్పాలనే ఇక్కడికి వచ్చాను.

మన సంఘాలలో కొన్నింటికి చిన్న ట్రాక్టర్లు ఉన్నాయి. నిమ్మ, బత్తాయి, మామిడి తోటలలో చెట్ల వరుసల మధ్య తిరగడానికి తయారైన పదిహేను, పద్దెనిమిది అశ్వశక్తి బండ్లు ఇవి. తోట యజమాని పెద్ద బండి కొనుక్కొన్నప్పుడు చిన్నది అమ్మేస్తాడు. అది చౌకగా వస్తుంది గనుక సంఘం కొంటుంది. పాల క్యాన్లను శీతలీకరణ కేంద్రానికి చేరవేయడానికి, సంఘం పొలంలోని పచ్చిమేత తేవడానికి, ఆ మేతను కత్తిరించే చాఫ్ కట్టరు తిప్పడానికి ఇంతకంటే అనువైన బండి లేదు. డీజిలు తక్కువ తాగుతుంది. ఇరుకు సందులో కూడా తిరుగుతుంది.

అయితే బండి పాతబడుతుంది. ఇంజను పొగ కక్కుతుంది. ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. పొద్దున్నే నలుగురు నెడితే గాని లేవదు. కంపెనీవారు ఆ మోడలు ఆపేసి ఉంటారు, విడిభాగం దొరకదు. అప్పుడు మేస్త్రీ ఒక సలహా ఇస్తాడు: "ఇదే కంపెనీది, దీని తరువాతి మోడలు బండి ఒకటి మూలపడి ఉందండి. దాన్ని కొని ఊడదీస్తే మన బండి మళ్లీ వయసులోకొస్తుంది."

ఈ సలహా మంచిదే. నేను దానికి వ్యతిరేకిని కాను. ఇనుప చట్రం, గేరు బాక్సు పెట్టె సాధారణంగా ఇంజను కంటే ఎక్కువ కాలం బతుకుతాయి. ముందు భాగం గుద్దుకొని పనికిరాకుండా పోయిన బండికి వెనక భాగం బాగుండవచ్చు. గేర్లు విరిగిన బండికి ఇంజను బాగుండవచ్చు. ఒకే కంపెనీ వారు ఒక మోడలు తరువాత మరొకటి తెచ్చేటప్పుడు చాలా భాగాలను మార్చకుండా ఉంచుతారు. రెండు పాత బండ్లను కలిపి ఒక మంచి బండి చేసుకోవడం తెలివైన పనే. కాని ఏ భాగం ముందు, ఏ భాగం తరువాత అన్న వరుస తప్పితే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

చెరువు కట్ట మీద జరిగినది

ఇది 2011 నాటి మాట. ఊరి పేరు, సంఘం పేరు చెప్పను. ఆ సంఘానికి పదిహేను అశ్వశక్తి చిన్న ట్రాక్టరు ఉండేది. ఇంజను పూర్తిగా అరిగిపోయింది. అదే కంపెనీ తరువాతి మోడలు, పద్దెనిమిది అశ్వశక్తి బండి, ముందు చట్రం విరిగినది, పార్టుల కోసం అమ్మకానికి వచ్చింది. పాలకవర్గం తీర్మానం చేసి కొన్నది. మేస్త్రీ పెద్దగా చదువుకొన్నవాడు కాదు గాని పని తెలిసినవాడు. అతడు రాసి ఇచ్చిన అంచనాలో అయిదు పనులు ఉన్నాయి. ఇంజను, క్లచ్, సెల్ఫ్ స్టార్టరు, ఆల్టర్నేటరు, అయిదవది బ్రేకులతో సహా వెనక ఇరుసు. కొత్త బండి బ్రేకు డ్రమ్ములు వెడల్పుగా ఉన్నాయి గనుక అవి కూడా మార్చాలని అతడి ఉద్దేశం.

ఆ రోజులలోనే నేను తనిఖీకి వెళ్లాను. అంచనా చూశాను. కొత్త లైనింగు, సీళ్లు, బేరింగులు, కూలి కలిపి అయిదవ పనికి సుమారు పదకొండు వేలు రాశారు. బండి నడుస్తూనే ఉంది కదా, వెనక ఇరుసుకు ఏం రోగం వచ్చింది అనుకొన్నాను. తనిఖీ నివేదికలో ఇలా రాశాను: "నడుస్తున్న బండికి వెనక ఇరుసు మార్చుట అనవసర వ్యయముగా తోచుచున్నది. పాలకవర్గము పునఃపరిశీలించవలెను."

ఇన్‌స్పెక్టరు రాసిన మాటను కాదనే కార్యదర్శి ఎవరు? అయిదవ పని కొట్టివేశారు. మేస్త్రీ "ఇంజను బలం పెంచితే బ్రేకు బలం కూడా పెంచాలండీ" అన్నాడట. కార్యదర్శి నా నివేదిక చూపించాడట. ఇది నాకు తరువాత తెలిసింది. మంచి డ్రమ్ములతో ఉన్న ఆ వెనక ఇరుసును సంఘం భవనం వెనుక వేపచెట్టు కింద పడేశారు.

బండి బ్రహ్మాండంగా తయారైంది. కొబ్బరికాయ కొట్టారు. పదిహేను కిలోమీటర్ల వేగం మించని బండి ఇరవైలో పోతున్నది. పాలు శీతలీకరణ కేంద్రానికి ముందుగా చేరుతున్నాయి. రెండు నెలల తరువాత నేను మళ్లీ వెళ్లినప్పుడు ఓచర్లన్నీ చూశాను, సరిగ్గా ఉన్నాయి. "వ్యయము పొదుపుగా చేసినారు" అని రాసి వచ్చాను. బండి కిందికి వంగి చూడలేదు.

ఆ తరువాతి వారం, వాన పడిన ఉదయం, పధ్నాలుగు నిండు క్యాన్లతో బండి చెరువు కట్ట దిగుతోంది. కట్ట వాలుగా దిగి మలుపు తిరిగే చోట ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. డ్రైవరు ఒక సభ్యురాలి కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. క్లచ్ తొక్కి బ్రేకు తొక్కాడు. వెనక నుంచి ట్రైలరు నెట్టింది. బండి ఆగలేదు. మందను తప్పించాలని పక్కకు తిప్పాడు. బండి కట్ట దిగువకు జారి తుమ్మచెట్టుకు కొట్టుకొన్నది. అబ్బాయి కాలు రెండు చోట్ల విరిగింది. పాలన్నీ కట్ట మీద పోయాయి. ప్రాణం దక్కింది, అది మన అదృష్టం.

మర్నాడు పొద్దున నేను సంఘానికి వెళ్లేసరికి ఆ అబ్బాయి తల్లి ఆస్పత్రి నుంచి వచ్చి, గేదె పాలు పిండుకొని, అందరితోపాటు వరుసలో నిలబడి ఉంది. గేదెకు విరామం ఉండదు కదా. నన్ను చూసి ఒకే మాట అడిగింది: "పోవడానికి డబ్బు దొరికింది, ఆగడానికి దొరకలేదా అయ్యా?" ఆమెకు నా నివేదిక సంగతి తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగమే ఆ జవాబు అనుకోండి.

లెక్క ఏమిటి?

ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. బడిలో చదివిన గుణకారం చాలు.

నలభై లీటర్ల పాల క్యాను తీసుకోండి. పాలు నీటికంటే కొంచెం బరువు గనుక నలభై లీటర్లు నలభై ఒక్క కిలోలు తూగుతాయి. ఖాళీ క్యాను బరువు కలిపితే దగ్గర దగ్గర యాభై కిలోలు. పధ్నాలుగు క్యాన్లు ఏడు వందల కిలోలు. ఖాళీ ట్రైలరు అయిదు వందలు అనుకొంటే మొత్తం పన్నెండు వందల కిలోలు. చిన్న ట్రాక్టరు బరువు సుమారు ఎనిమిది వందల కిలోలు. అంటే వెనుక ఉన్నది ముందు ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. ఆ ట్రైలరుకు సొంత బ్రేకు లేదు. ఇద్దరినీ ఆపవలసినది ట్రాక్టరు వెనక చక్రాల రెండు డ్రమ్ములే.

ఇక వేగం. బండి వేగం రెండింతలైతే ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. పదిహేను కిలోమీటర్ల వేగం ఇరవై అయితే పెరిగింది మూడోవంతే. కాని ఆగే దూరం దాదాపు ఎనభై శాతం పెరుగుతుంది. బ్రేకు తొక్కాక పది అడుగులలో ఆగే బండి పద్దెనిమిది అడుగులు పోయి గాని ఆగదు. ఇది చదును నేల మీద, తడి లేనప్పటి లెక్క. వాలులో, తడిలో, వెనుక బరువుతో ఎంత పోతుందో చెప్పనవసరం లేదు.

మరొక సంగతి. వాలు దిగేటప్పుడు క్లచ్ తొక్కితే, లేదా డీజిలు మిగులుతుందని న్యూట్రలులో వదిలితే, ఇంజను పట్టు పోతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. అదీ వాలు మొదలు కాకముందే వేసుకోవాలి. ఇంకొకటి. ట్రాక్టరుకు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు విడివిడిగా ఉంటాయి. అవి పొలంలో మలుపు తిరగడానికి. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపే గొళ్లెం వేయాలి. గొళ్లెం వేయకుండా వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. మీ ఊరికి వెళ్లగానే మీ బండికి ఆ గొళ్లెం ఉందో, తుప్పుపట్టి ఊడిపోయిందో చూడండి.

పార్టుల బండిని ఎలా ఎంచుకోవాలి?

పార్టుల కోసం బండి కొనే ముందు మేస్త్రీని, కొలతల పరికరాన్ని వెంట తీసుకువెళ్లాలి. "ఒకే కంపెనీదే, సరిపోతుందిలే" అన్న మాట మీద డబ్బు చెల్లించవద్దు. మోడలు ప్లేటు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాసుకోవాలి. తరువాత ఈ కింది కొలతలు రెండు బండ్లకూ తీసి ఒకే కాగితం మీద పక్క పక్కన రాయాలి.

ఒకటి, ఇంజనుకూ క్లచ్ పెట్టెకూ మధ్య బోల్టులు ఎన్ని, ఎంత దూరంలో ఉన్నాయి. రెండు, గేరు బాక్సు నుంచి వచ్చే షాఫ్టు లావు, దాని మీది గాడులు ఎన్ని. క్లచ్ ప్లేటు ఆ గాడుల మీదనే కూర్చోవాలి. ఆ షాఫ్టు కొన ఫ్లైవీలు మధ్యనున్న చిన్న బేరింగులో సరిగా కూర్చోవాలి. ఇక్కడ బిగువైనా వదులైనా నెల తిరగకుండా క్లచ్ పోతుంది. మూడు, ఫ్లైవీలు పండ్ల చక్రానికీ సెల్ఫ్ స్టార్టరు పళ్లకూ పొత్తు. ఇంజను మార్చితే సెల్ఫు కూడా ఆ ఇంజనుదే తీసుకోవడం మేలు. నాలుగు, ఇంజను కింది ఆయిలు తొట్టె ముందు ఇరుసుకు తగులుతుందా, రేడియేటరు పెద్ద ఇంజను వేడిని మోయగలదా. అయిదు, చక్రాల బోల్టుల మధ్య దూరం, డ్రమ్ము వ్యాసం, లైనింగు వెడల్పు.

ఈ అయిదూ రాసిన కాగితం కొనుగోలు ఓచరుకు జతపరచాలి. కాగితం లేని కొనుగోలును ఇప్పుడు నేను ఒప్పుకోవడం లేదు.

కరెంటు పని విషయంలో ఒక హెచ్చరిక. పాత బండ్లకు డైనమో ఉంటుంది. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు అది బ్యాటరీని సరిగా నింపలేదు. పాలు పోసుకొనే చోట ఆగుతూ, నడుస్తూ పోయే బండికి ఆల్టర్నేటరు చాలా మేలు. కాని కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ కొసను చట్రానికి కలిపి ఉంటారు. ఇప్పటి ఆల్టర్నేటర్లకు మైనస్ కొస చట్రానికి కలవాలి. ఇది చూడకుండా బిగిస్తే తాళం తిప్పీ తిప్పక ముందే లోపలి డయోడ్లు కాలిపోతాయి.

పని వరుస

పని మొదలుపెట్టేటప్పుడు ఈ వరుసను గోడ మీద రాసి పెట్టుకోండి. మొదట బ్రేకు. రెండవది స్టీరింగు. మూడవది చక్రాలు, టైర్లు, ట్రైలరు కొక్కెం, దాని పిన్ను. నాలుగవది దీపాలు, హారను. ఈ నాలుగూ తృప్తికరంగా పూర్తయ్యాకే ఇంజను మీద చేయి వేయాలి. డబ్బు చాలకపోతే ఇంజను వచ్చే ఏడాదికి ఆపండి. నెమ్మదిగా పోయే బండి వలన పాలు ఆలస్యమవుతాయి, మరొక ట్రిప్పు అద్దెకు పెట్టుకోవచ్చు. ఆగని బండి వలన కలిగే నష్టాన్ని ఏ పద్దులోనూ భర్తీ చేయలేము.

పాత బండి నుంచి ఏమి తీసుకోవచ్చు, ఏమి తీసుకోకూడదు అని అడుగుతారు. మేస్త్రీ నాకు చెప్పిన సూత్రమే మీకు చెబుతాను: "ఇనుము తీసుకో, రబ్బరు తీసుకోకు." డ్రమ్ములు, ఇరుసు పెట్టెలు, గేర్లు, బ్రాకెట్లు పగుళ్లు లేకుండా ఉంటే తీసుకోవచ్చు. ఆయిలు సీళ్లు, రబ్బరు గొట్టాలు, బెల్టులు, బ్రేకు లైనింగులు కొత్తవే వేయాలి. స్టీరింగు బాల్ జాయింట్లు, ట్రైలరు పిన్ను కూడా పాతవి పనికిరావు. అరిగిన సీలు గుండా గేరు ఆయిలు కారి లైనింగు మీద పడితే ఎంత వెడల్పు డ్రమ్ము ఉన్నా నూనె రాసిన పీట మీద కూర్చున్నట్లే.

పాత లైనింగు ఊడదీసేటప్పుడు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదవద్దు, గాలి గొట్టంతో కొట్టవద్దు. పాతకాలం లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ల తరువాత ప్రాణం తీసే జబ్బులు తెస్తుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పాతిపెట్టండి. పశువుల కొట్టం దరిదాపుల్లో ఈ పని వద్దు.

పని పూర్తయ్యాక పరీక్ష. చదును నేల మీద సున్నంతో గీత గీయండి. ఖాళీ బండిని గీత దగ్గర బ్రేకు తొక్కి ఆపి, ఎంత దూరం పోయిందో అడుగులు కొలవండి. తరువాత క్యాన్లలో నీళ్లు నింపి అదే వేగంలో మళ్లీ కొలవండి. రెండు చక్రాలూ ఒకేసారి పట్టాలి. ఒకవైపు గీరిన మచ్చ పొడుగ్గా, మరొకవైపు పొట్టిగా ఉంటే సర్దుబాటు కాలేదన్నమాట. ఈ కొలతలను లాగ్ బుక్కులో రాయండి. ప్రతి మూడు నెలలకు మళ్లీ కొలవండి. దూరం పెరుగుతుంటే లైనింగు అరుగుతున్నదని మనకు ముందే తెలుస్తుంది. నీళ్లు పోతే నష్టం లేదు, అందుకే పరీక్ష నీళ్లతో చేయాలి.

చాఫ్ కట్టరు దగ్గర జాగ్రత్త

ఇంజను మారిస్తే మారేది రోడ్డు మీది వేగం ఒక్కటే కాదు. ట్రాక్టరు వెనుక పి.టి.వో. షాఫ్టు ఉంటుంది. మన చాఫ్ కట్టర్లు సాధారణంగా నిమిషానికి 540 చుట్లకు తయారై ఉంటాయి. పాత ఇంజను 2000 చుట్లు తిరిగినప్పుడు షాఫ్టు 540 తిరిగేది అనుకొందాం. కొత్త ఇంజను 2700 తిరగగలదు. అదే గేరు బాక్సుతో పూర్తిగా పెంచితే షాఫ్టు 729 చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి కట్టరు కత్తుల బోల్టులు తట్టుకోకపోతే కత్తి ఎగిరి వస్తుంది. అందువలన ఇంజను ఎంత తిరిగితే షాఫ్టు 540 తిరుగుతుందో చుట్ల మీటరుతో చూసి, థ్రాటిల్ పక్కన ఎర్ర రంగుతో గీత పెట్టండి. మేత కోసేటప్పుడు ఆ గీత దాటకూడదు.

540 చుట్లు అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. చీర కొంగో, కండువా కొసో, పంచె అంచో షాఫ్టుకు చుట్టుకొంటే "ఆపండి" అనే లోపల అంతా అయిపోతుంది. పార్టుల బండిని ఊడదీసేటప్పుడు షాఫ్టు మీది రేకు మూతను "అడ్డం" అని పీకి పారేయడం నేను చాలా చోట్ల చూశాను. ఆ మూత తిరిగి బిగించందే కట్టరు తిప్పడానికి వీల్లేదని పాలకవర్గం తీర్మానం చేయాలి. మన సంఘాలలో మేత కోసేది ఎక్కువగా ఆడవారే. కొంగు బిగించి దోపుకోండమ్మా అని చెప్పడం మంచిదే. మూత బిగించవలసిన బాధ్యత మాత్రం సంఘానిది.

కాగితాల పని

రిజిస్ట్రేషన్ పుస్తకంలో మీ బండి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అందులోని వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడానికి యజమానికి వీల్లేదు. కాబట్టి ఇంజను మార్చే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, వారు ఒప్పుకొన్నాకే పని మొదలుపెట్టి, మార్పును పుస్తకంలో నమోదు చేయించండి. బీమా వారికి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదం జరిగిన నాడు పుస్తకంలో ఒక నంబరు, బండి మీద మరొక నంబరు ఉంటే బీమా సొమ్ము కోసం ఎంత తిరగవలసి వస్తుందో ఊహించుకోండి.

పార్టుల కోసం కొన్న బండికి కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది. బండి ఇక శాశ్వతంగా పనికిరాదని తేలితే ఆ సంగతిని యజమాని 14 రోజులలోగా, లేదా వీలైనంత త్వరగా, రవాణా అధికారికి తెలియజేయాలని అదే చట్టం 55వ సెక్షను చెబుతుంది. కొనేటప్పుడు అమ్మేవాడి చేత ఈ పని చేయించి, నకలు తీసుకోండి. దొంగ బండి పార్టులు సంఘం బండికి చేరకుండా ఉండడానికి ఇదే దారి.

ఇక మన పుస్తకాలు. పార్టుల కోసం బండి కొన్నప్పుడు అది డెడ్ స్టాకు రిజిస్టరులో ఒక్క వస్తువుగా ఎక్కుతుంది. ఊడదీసిన రోజున అది ముప్పై వస్తువులవుతుంది. ఆ ముప్పై ఎక్కడా ఎక్కవు. ఏడాది తిరిగేసరికి సగం ఉండవు. కాబట్టి ఊడదీసిన రోజునే ఇద్దరు పాలకవర్గ సభ్యుల సమక్షంలో జాబితా రాయించండి. మన బండికి బిగించినవి, నిలవ ఉంచినవి, తుక్కుకు పోవలసినవి అని మూడు భాగాలు చేయండి. తుక్కును కొటేషన్లు పిలిచి అమ్మి, రసీదు ఇచ్చి, సొమ్ము జమకట్టండి.

ఒక లెక్క ఉదాహరణగా చెబుతాను. పార్టుల బండి 60,000 రూపాయలు, తెచ్చిన ఖర్చు 4,000, లేతు, వెల్డింగు, కూలి 9,000, కొత్త లైనింగులు, సీళ్లు, బేరింగులు 12,000 అనుకొందాం. మొత్తం 85,000. మిగిలిన తుక్కు 18,000కు అమ్మితే నికర ఖర్చు 67,000. ఈ లెక్కను సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించండి. ఇందులో మొదటిది బేరమాడి తగ్గించండి. రెండవది, మూడవది వీలుంటే తగ్గించండి. నాలుగవ దానిలో రూపాయి కూడా తగ్గించవద్దు. నేను పెన్ను పెట్టి కొట్టించినది ఆ నాలుగవ దానినే.

తనిఖీకి వచ్చే నాలాంటివారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. ఖర్చు ఎక్కువగా ఉందని రాయడం తేలిక. ఆ ఖర్చు ఎందుకని మేస్త్రీని పిలిచి అడగడం మా విధి. మా అభ్యంతరం తప్పని మీకు తోస్తే భయపడి ఒప్పుకోవద్దు. కారణం రాసి తీర్మానం చేసి పంపండి. సంఘం మీది, బండి మీది, దాని మీద కూర్చునే బిడ్డ మీవాడు. ఇన్‌స్పెక్టరు నెలకొకసారి వచ్చిపోయేవాడు.

ఆ తరువాత

ఆ సంఘం సంగతి చెప్పి ముగిస్తాను. ప్రమాదం తరువాత పాలకవర్గంలో కొందరు పోయిన పాల విలువను డ్రైవరు జీతంలో కోయాలన్నారు. సర్వసభ్య సమావేశం జరిగింది. నేను లేచి, నా నివేదికలోని వాక్యం చదివి వినిపించి, ఇది నా పొరపాటు అని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్దాయన లేచి, "సంతకం పెట్టినోళ్లం మేమూ ఉన్నాం. నష్టం అందరం పంచుకుందాం" అన్నారు. పోయిన పాల విలువ, ఆస్పత్రి ఖర్చు సంఘమే భరించాలని తీర్మానించారు. ఆ ఏడాది బోనసు తగ్గింది. ఒక్క సభ్యుడూ ఫిర్యాదు చేయలేదు.

వేపచెట్టు కింద పడి ఉన్న ఇరుసును తీసి, తుప్పు గీకించి, కొత్త లైనింగులు వేయించి అదే మేస్త్రీ చేత బండికి ఎక్కించారు. ట్రైలరుకు విడిగా బ్రేకు పెట్టించారు. క్యాన్ల సంఖ్య ట్రిప్పుకు పదికి తగ్గించారు. చెరువు కట్ట మొదట్లో "గేరు మార్చి దిగుము" అని బోర్డు పెట్టారు. బండి ఆ తరువాత చాలా ఏళ్లు నడిచింది.

ఆ అబ్బాయికి కాలు కుదురుకొన్నది గాని కొంచెం కుంటుతాడు. ఇప్పుడు అదే సంఘంలో పాలు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. కొలతలో మిల్లీలీటరు తేడా రానివ్వడు. నేను వెళ్లినప్పుడల్లా ముందు నన్ను బండి షెడ్డు దగ్గరికి తీసుకుపోయి లాగ్ బుక్కులోని బ్రేకు కొలతలు చూపిస్తాడు. ఆ తరువాతే రిజిస్టర్లు.

మీ సంఘాలలో కూడా తనిఖీ అలాగే మొదలుకావాలని కోరుతున్నాను.

జై సహకారం.